న్యూక్లియాన్ల మధ్య బలం దూరాన్ని బట్టి ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో కేంద్రకాల పాఠం చదివినవాళ్లకి ఒక చిన్న గ్రాఫ్ గుర్తుండే ఉంటుంది. ఎడమవైపు నిటారుగా కిందికి దిగి, ఒక గుంతలో పడి, మళ్లీ పైకి లేచి మెల్లగా సున్నా గీతను చేరే వంపు గీత అది. పుస్తకంలో దానికి దక్కేది ఒక పేరా. దాని మీద ఇంటర్ పిల్లలు, బీఎస్సీ వాళ్లు, అప్పుడప్పుడు పాఠం చెప్పేవాళ్లు కూడా అడిగే ప్రశ్నలు మాత్రం బోలెడు. వాటికి జవాబులు ఇక్కడున్నాయి. ముందే ఒక మాట: ఆ గీతలో కుడివైపు భాగాన్ని నమ్మినంతగా ఎడమవైపు భాగాన్ని నమ్మకూడదు. ఎందుకో కింద వివరంగా ఉంది.

గబగబా చెప్పండి, ఏ దూరంలో ఏం జరుగుతుంది?

రెండు న్యూక్లియాన్లు (ప్రోటాన్ అయినా, న్యూట్రాన్ అయినా) 4, 5 ఫెర్మీల కంటే ఎక్కువ దూరంలో ఉంటే వాటి మధ్య కేంద్రక బలం దాదాపు లేనట్టే. 3 ఫెర్మీల లోపలికి వచ్చేసరికి ఆకర్షణ బాగా తెలుస్తుంది. 1 ఫెర్మీ చుట్టుపక్కల అది చాలా ఎక్కువ. ఇంకా దగ్గరికి, సుమారు 0.8 ఫెర్మీలకు వస్తే ఆకర్షణ సున్నా అవుతుంది. అంతకన్నా లోపలికి నెడితే బలం వికర్షణగా మారి, చాలా వేగంగా పెరుగుతుంది.

ఫెర్మీ అంటే ఎంత?

మీటరులో వంద కోట్ల వంతు నానోమీటర్. అందులో పది లక్షల వంతు ఒక ఫెర్మీ. దీన్నే ఫెమ్టోమీటర్ అని కూడా అంటారు. ప్రోటాన్ విద్యుదావేశ వ్యాసార్థం 0.84 ఫెర్మీలు. శక్తిని ఇక్కడ మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, క్లుప్తంగా ఎంఈవీల్లో కొలుస్తాం.

ఆ గ్రాఫ్ బలానిదా, స్థితిశక్తిదా?

స్థితిశక్తిది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గుంత అడుగున, అంటే 0.8 ఫెర్మీల దగ్గర, ఆకర్షణ అన్నిటికంటే ఎక్కువ అనుకుంటారు. నిజానికి అక్కడ బలం సున్నా. బలం అంటే స్థితిశక్తి గీతకున్న వాలు. అడుగున వాలు ఉండదు కదా. అడుగు నుంచి కుడివైపుకి గీత పైకి లేచేటప్పుడు ఎక్కడ బాగా నిటారుగా ఉంటుందో అక్కడ ఆకర్షణ గరిష్ఠం. అది 1 ఫెర్మీకి అటూ ఇటూగా వస్తుంది.

దీన్ని న్యూటన్లలోకి మార్చుకుంటే బాగుంటుంది. ఫెర్మీకి 1 ఎంఈవీ చొప్పున స్థితిశక్తి మారితే బలం 160 న్యూటన్లు. గుంత లోతు సుమారు 100 ఎంఈవీ. నిటారుగా ఉన్న చోట వాలు ఫెర్మీకి నూట యాభై, నూట అరవై ఎంఈవీల దాకా ఉంటుంది. అంటే దాదాపు 25,000 న్యూటన్లు, రెండున్నర టన్నుల బరువు. ఇంత బలం రెండు కణాల మధ్యే!

ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణతో పోలిస్తే?

రెండు ప్రోటాన్లు 1 ఫెర్మీ దూరంలో ఉంటే వాటి మధ్య విద్యుత్ స్థితిశక్తి 1.44 ఎంఈవీ, వికర్షణ బలం సుమారు 230 న్యూటన్లు. అదేమీ తక్కువ కాదు. కానీ పైన చెప్పిన 25,000 ముందు నూరో వంతు. అందుకే పుస్తకాల్లో "కేంద్రక బలం విద్యుత్ బలానికి నూరు రెట్లు" అని రాస్తారు. ఆ వాక్యం పక్కన "1 ఫెర్మీ దగ్గర" అని లేకపోతే దానికి అర్థం లేదు. దూరం పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి తలకిందులవుతుంది. స్థితిశక్తి లెక్కలో 3 ఫెర్మీలు దాటిన కాసేపటికే రెండూ సమానమవుతాయి. 10 ఫెర్మీల దగ్గర విద్యుత్ స్థితిశక్తి ఇంకా 144 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటే, కేంద్రక ఆకర్షణది ఒకటో రెండో కిలో ఎలక్ట్రాన్ వోల్టులే.

గురుత్వాకర్షణ సంగతి అడగనే అక్కర్లేదు. రెండు ప్రోటాన్ల మధ్య అది విద్యుత్ బలం కంటే 1 పక్కన 36 సున్నాలంత రెట్లు చిన్నది.

విద్యుత్ బలం ఎంత దూరమైనా పోతుంది కదా, ఇది మాత్రం ఇంత త్వరగా ఎందుకు పడిపోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు 1935లో జపాన్‌లో అచ్చయింది. ఒసాకాలో పనిచేస్తున్న హిదెకి యుకావా వాదన ఇది: విద్యుత్ బలాన్ని మోసే ఫోటాన్‌కి ద్రవ్యరాశి లేదు, కాబట్టి ఆ బలానికి హద్దు లేదు. కేంద్రక బలాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి ఉంటే, ఆ బలం ఒక హద్దు దాటాక ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోవాలి. ఆ హద్దు ఎంతో తెలుసుకోవాలంటే 197ని ఆ కణం ద్రవ్యరాశితో (ఎంఈవీల్లో) భాగించాలి. జవాబు ఫెర్మీల్లో వస్తుంది. యుకావా దీన్ని తిరగేశారు. బలం వ్యాప్తి రెండు ఫెర్మీల పరిధిలోనిది కాబట్టి, దాన్ని మోసే కణం ఎలక్ట్రాన్‌కి సుమారు 200 రెట్లు బరువుండాలి అన్నారు.

యుకావా ఊహించిన ఆ కణాన్ని ఇప్పుడు పయాన్ అంటాం. దాని ద్రవ్యరాశి 140 ఎంఈవీ, ఎలక్ట్రాన్‌కి సుమారు 273 రెట్లు. 197ని 140తో భాగిస్తే 1.4 ఫెర్మీలు. ఆ ఎక్స్‌పొనెన్షియల్ ఎంత గట్టి దెబ్బ కొడుతుందో చూడండి. దూరం 1.4 నుంచి 14 ఫెర్మీలకు పెరిగితే విద్యుత్ స్థితిశక్తి పదో వంతు అవుతుంది. పయాన్ మోసే బలం స్థితిశక్తి లక్షలో ఒక వంతుకి దిగిపోతుంది.

పయాన్ వెంటనే దొరికిందా?

లేదు. ఆ కథ పన్నెండేళ్లు నడిచింది. 1936లో విశ్వకిరణాల్లో యుకావా చెప్పిన బరువుకి దగ్గరగా ఒక కణం కనిపించింది. దొరికిందనుకుని అందరూ సంబరపడ్డారు. కానీ 1947లో వెలువడిన ఇటలీ ప్రయోగం (కాన్వెర్సీ, పాంచీనీ, పిచ్చోనీ) ఆ కణానికి కేంద్రకాలు పట్టనే పట్టవని తేల్చింది. కేంద్రక బలాన్ని మోయాల్సిన కణం కేంద్రకం పక్కనుంచి ఏమీ ఎరగనట్టు పోతే ఎలా? అది మ్యూయాన్, ఎలక్ట్రాన్‌కి బరువైన బంధువు. అసలు పయాన్‌ని అదే 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్, సీజర్ లాటెస్, జుసెప్పీ ఒక్కియాలినీల బృందం ఫోటోగ్రఫీ ఎమల్షన్లలో పట్టుకుంది. యుకావాకి 1949లో, పావెల్‌కి 1950లో నోబెల్ వచ్చాయి.

ఇందులో మనవాళ్ల ముక్క ఒకటుంది, మన పుస్తకాల్లో కూడా అది అరుదుగానే కనిపిస్తుంది. కలకత్తాలో దేవేంద్ర మోహన్ బోస్, విభా చౌధురి అదే పద్ధతిలో డార్జిలింగ్ కొండల మీద ఫోటో ప్లేట్లు పెట్టి, విశ్వకిరణాల్లోని ఈ కణాల బరువు లెక్కగట్టి, యుద్ధకాలంలో నేచర్ పత్రికలో వరసగా ప్రచురించారు. మెరుగైన ప్లేట్లు యుద్ధం వల్ల వాళ్ల చేతికి రాలేదు. ఇలాంటి కణాలకి "మీసాన్" అనే పేరుని 1939లో సూచించింది హోమీ భాభా.

క్లాసులో రెండు పడవల్లో నిలబడి బంతి విసురుకునే ఉదాహరణ చెప్తారు. అది సరైనదేనా?

సగమే పనికొస్తుంది. బంతి విసిరినవాడూ వెనక్కి పోతాడు, పట్టుకున్నవాడూ వెనక్కి పోతాడు. అంటే ఆ ఉదాహరణతో వచ్చేది వికర్షణ మాత్రమే. ఆకర్షణ కోసం బూమరాంగ్ అనీ ఇంకోటనీ అతుకులు వేస్తారు కానీ వాటివల్ల గందరగోళం పెరుగుతుంది తప్ప అర్థమయ్యేది ఏమీ ఉండదు. పయాన్ మార్పిడి వల్ల ఆకర్షణ వస్తుందా, వికర్షణ వస్తుందా అన్నది న్యూక్లియాన్ల సొంత తిరుగుడు లాంటి గుణమైన స్పిన్‌లు ఎటు ఉన్నాయి, జంటలో ఉన్నవి ఏ రకం కణాలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే దూరంలో ఒక జంటకి ఆకర్షణ, మరో జంటకి వికర్షణ రావచ్చు. దీన్ని బంతితో చెప్పలేం.

అంటే ఆ 100 ఎంఈవీ లోతు గుంత అంతా పయాన్ వల్లేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. లెక్క వేస్తే పొసగదు. స్పిన్‌లు ఎదురెదురుగా ఉన్న జంటకి, 1.4 ఫెర్మీల దగ్గర ఒక్క పయాన్ మార్పిడి ఇచ్చేది సుమారు 4 ఎంఈవీ ఆకర్షణ. అక్కడ గ్రాఫ్‌లో కనిపించేది అంతకు చాలా రెట్లు. మిగతాది ఎక్కువగా రెండు పయాన్లు ఒకేసారి మారడం వల్ల వస్తుంది. రెండు పయాన్ల మొత్తం బరువు రెట్టింపు కాబట్టి దీని వ్యాప్తి సగం, 0.7 ఫెర్మీలు. పాత లెక్కల్లో దీన్ని "సిగ్మా" అనే సుమారు 500 ఎంఈవీ మీసాన్ పేరుతో కలిపేవారు.

కాబట్టి స్థూలంగా మూడు మండలాలు. 2 ఫెర్మీలు దాటాక ఒక పయాన్ రాజ్యం. 1 నుంచి 2 మధ్య రెండు పయాన్లది. లోపల బరువైన రో, ఒమేగా మీసాన్లది. వీటి ద్రవ్యరాశి 780 ఎంఈవీల చుట్టూ, వ్యాప్తి పావు ఫెర్మీ. ఇందులో మొదటిది రాయి మీద గీతలాంటి జ్ఞానం, రెండోది చాలావరకు నమ్మదగ్గది. మూడో మండలం దగ్గరే నమూనాలు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

బాగా దగ్గరైతే తోసేస్తుందని ఎలా తెలిసింది? ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు. ప్రోటాన్లను ప్రోటాన్ల మీదికి కొట్టి, అవి ఏ కోణాల్లో ఎన్ని చెదిరాయో లెక్కపెట్టారు. ఈ పని 1936లోనే వాషింగ్టన్‌లో ట్యూవ్, హైడెన్‌బర్గ్, హాఫ్‌స్టాడ్ మొదలుపెట్టారు. దాదాపు 900 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, విద్యుత్ వికర్షణ ఒక్కటే ఉంటే ఎలా చెదరాలో అలా చెదరలేదు. లోపల ఆకర్షణ ఉందన్న గుర్తు అది.

వికర్షణ ఆనవాలు కనిపించడానికి ఇంకా పెద్ద యంత్రాలు రావాల్సి వచ్చింది. బెర్క్‌లీలో 340 ఎంఈవీ ప్రోటాన్ల ఫలితాలు ఆకర్షణ మాత్రమే ఉన్న ఏ లెక్కకీ లొంగలేదు. 1951లో రాబర్ట్ జాస్ట్రో, లోపల ఒక గట్టి వికర్షక గుండె ఉందనుకుంటే ఫలితాలు కుదురుతాయని చూపించారు. (ఈయనే తర్వాత నాసా గొడార్డ్ అంతరిక్ష అధ్యయన సంస్థను స్థాపించారు.)

ఇందులో తర్కం ఇది. కణం కూడా ఒక తరంగమే. ఆకర్షణ ఉన్న చోటు దాటితే తరంగం ఒకవైపు జరుగుతుంది, వికర్షణ ఉన్న చోటు దాటితే రెండోవైపు. ఆ జరుగుదలని దశాభేదం అంటారు. తక్కువ శక్తిలో తలాతలి ఢీకొనే ప్రోటాన్లకు అది ఆకర్షణవైపే ఉంటుంది. శక్తి పెంచేకొద్దీ కణాలు లోతుగా చొచ్చుకుపోతాయి, దశాభేదం తగ్గుతూ వస్తుంది. 250 ఎంఈవీ దగ్గర సున్నా దాటి రెండోవైపుకి వెళ్తుంది. లోపల తోసే బలం ఉందనడానికి ఆధారం ఆ గుర్తు మారడమే.

ఒక పుస్తకంలో 0.5 ఫెర్మీ, ఇంకోదాంట్లో 0.7, మా పుస్తకంలో 0.8. ఏది కరెక్ట్?

ప్రశ్న మంచిది, కానీ మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే కుదరదు. ప్రయోగశాలలో కొలిచేది దశాభేదాలను. స్థితిశక్తి గీతను ఎవరూ కొలవరు. ఏ గీత గీస్తే ఆ దశాభేదాలన్నీ వస్తాయో చూసి గీస్తారు. ఒకే దశాభేదాలను ఇచ్చే గీతలు ఒకటికంటే ఎక్కువ ఉంటాయి. కుడివైపు అన్నీ కలిసిపోతాయి, ఎందుకంటే అక్కడ పయాన్ తప్ప ఎవరూ లేరు. ఎడమవైపు అవి విడిపోతాయి.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే గీత 1968లో రోడరిక్ రీడ్ ఇచ్చిన స్థితిశక్తికి చాలా దగ్గరగా ఉంటుంది. 1995లో అర్గాన్ ప్రయోగశాలకు చెందిన వైరింగా తదితరులు ఇచ్చిన "ఏవీ18"లో లోపలి వికర్షణ భాగం ఎత్తయిన కొండలా ఉంటుంది. 1990లో స్టీవెన్ వైన్‌బర్గ్ మొదలుపెట్టిన కైరల్ సిద్ధాంతం దారిలో వెళ్లినవాళ్లు లోపలి భాగాన్ని కొన్ని స్థిరాంకాలుగా పెట్టుకుని, వాటిని ప్రయోగాలతో సరిచూసుకుంటారు. అక్కడ కొండ చాలా చిన్నది. ఇవన్నీ ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకమైన డ్యుటీరాన్‌ని సరిగ్గానే వివరిస్తాయి.

అందుకే "వికర్షణ 0.8 ఫెర్మీల దగ్గర మొదలవుతుంది" అంటే ఫలానా నమూనాలో, ఫలానా స్పిన్ స్థితిలో అని అర్థం చేసుకోవాలి. దాన్ని ప్రోటాన్ ద్రవ్యరాశిలాంటి ప్రకృతి స్థిరాంకం అనుకుని ముందుకెళ్తే పైచదువుల్లో తికమక తప్పదు.

దూరం ఒక్కటే తెలిస్తే బలం చెప్పగలమా?

చెప్పలేం. పాఠ్యపుస్తకం గ్రాఫ్ దాచిపెట్టే పెద్ద విషయం ఇదే. స్పిన్‌లు ఒకే దిశలో ఉన్నాయా, ఎదురుగా ఉన్నాయా అన్నది ముఖ్యం. అవి ఒకే దిశలో ఉన్నా, ఆ దిశ రెండు కణాలనూ కలిపే గీత వెంట ఉందా, దానికి అడ్డంగా ఉందా అన్నది కూడా ముఖ్యమే. గీత వెంట ఉంటే ప్రోటాన్ న్యూట్రాన్ జంటకి ఆకర్షణ ఎక్కువ, అడ్డంగా ఉంటే తక్కువ. దీన్ని టెన్సర్ బలం అంటారు.

దీనికి సాక్ష్యం 1939లోనే దొరికింది. ఇసిడార్ రబీ బృందం డ్యుటీరాన్ గుండ్రంగా లేదని, స్పిన్ దిశలో కాస్త సాగి ఉందని కొలిచి చూపింది. దూరం మీద మాత్రమే ఆధారపడే బలమైతే డ్యుటీరాన్ కచ్చితంగా గోళంలా ఉండాలి.

ఇంకో సాక్ష్యం అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ నుంచి 2008లో వచ్చింది. కార్బన్ కేంద్రకం మీదికి ఎలక్ట్రాన్లను కొట్టి చూస్తే, ఏ క్షణంలోనైనా అందులోని న్యూక్లియాన్లలో దాదాపు ఐదో వంతు ఒకదానికొకటి బాగా దగ్గరగా జంటలు కట్టి ఉన్నాయని తేలింది. ఆ జంటల్లో ప్రోటాన్ న్యూట్రాన్ జంటలు, ప్రోటాన్ ప్రోటాన్ జంటల కంటే దాదాపు 20 రెట్లు ఎక్కువ. అంత దగ్గరి దూరాల్లో టెన్సర్ బలం పెత్తనం చేస్తోందనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

వీటితో పాటు కక్ష్య చలనానికీ స్పిన్‌కీ మధ్య లంకె కూడా ఉంది. దాని గురించి చెప్పాలంటే వేరే పేజీ కావాలి.

గుంత లోతు 100 ఎంఈవీ అయితే డ్యుటీరాన్ బంధన శక్తి 2.2 ఎంఈవీయే ఎందుకు?

గుంతలో కూర్చోవాలంటే కణాన్ని చిన్న చోట బంధించాలి. చిన్న చోట బంధిస్తే అనిశ్చితత్వ నియమం ప్రకారం దాని గతిశక్తి పెరుగుతుంది. గుంతేమో ఇరుకు. డ్యుటీరాన్‌లో సగటు గతిశక్తి దాదాపు 20 ఎంఈవీ, సగటు స్థితిశక్తి దాదాపు మైనస్ 22 ఎంఈవీ. రెండూ కలిపితే మిగిలేది ఆ 2.2. అంచున నిలబడిన బంధం ఇది. దీనికి ఉత్తేజిత స్థితి ఒక్కటి కూడా లేదు.

బంధం ఇంత బలహీనం కాబట్టి ప్రోటాన్, న్యూట్రాన్ల మధ్య దూరం దాదాపు 4 ఫెర్మీల దాకా ఉంటుంది. అంటే అవి దాదాపు సగం కాలం ఒకదాని ఆకర్షణ ఒకదానికి సరిగా అందనంత దూరంలో తిరుగుతుంటాయి. దీన్ని మించిన ఉదాహరణ లిథియం-11. 1985లో ఇసావో తనిహాటా బృందం బెర్క్‌లీలో దీని పరిమాణం కొలిచి ఆశ్చర్యపోయింది. చివరి రెండు న్యూట్రాన్లూ లోపలి కేంద్రకానికి దూరంగా పొగమంచులా పరుచుకుని ఉంటాయి. వాటిని విడదీయడానికి 0.4 ఎంఈవీ కూడా అక్కర్లేదు.

రెండు న్యూట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణ లేదు కదా, అవి ఎందుకు అతుక్కోవు?

వెంట్రుకవాసిలో తప్పిపోయింది. తక్కువ శక్తి స్థితిలో రెండు న్యూట్రాన్లు పౌలీ నియమం (ఒకే రకం కణాలు రెండు ఒకే స్థితిలో ఉండలేవన్న నియమం) వల్ల స్పిన్‌లు ఎదురెదురుగానే ఉండాలి. ఆ స్థితిలో టెన్సర్ బలం పనిచేయదు. మిగిలిన ఆకర్షణ బంధానికి కొంచెం చాలదు. ప్రోటాన్ న్యూట్రాన్ జంటకి స్పిన్‌లు ఒకే దిశలో ఉండే వీలుంది కాబట్టి టెన్సర్ బలం అదనంగా కలిసి డ్యుటీరాన్ పుడుతుంది. ప్రోటాన్, న్యూట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో ఉంటే అవి కూడా అతుక్కోవు. విద్యుత్ ప్రభావాన్ని తీసేసి ఒకే స్పిన్ స్థితిలో చూస్తే, జంట ఏదైనా కేంద్రక బలం దాదాపు ఒకటే. చిన్న తేడాలు ఉన్నాయి, చాలా లెక్కలకి వాటిని పట్టించుకోనక్కర్లేదు.

ఈ బలం పొట్టిదైనందువల్ల పెద్ద కేంద్రకాలకి ఏమవుతుంది?

చాలా అవుతుంది. ప్రతి న్యూక్లియాన్ మిగతా అన్నిటినీ లాగగలిగితే బంధన శక్తి జంటల సంఖ్యతో పెరగాలి, అంటే ఒక్కో న్యూక్లియాన్ వాటా పెరుగుతూనే పోవాలి. అలా జరగదు. కార్బన్ దాటాక ఆ వాటా 8 ఎంఈవీ చుట్టూనే తిరుగుతుంది. ఇనుము, నికెల్ దగ్గర గరిష్ఠంగా 8.8కి చేరి, యురేనియం దగ్గర 7.6కి దిగుతుంది. ప్రతి న్యూక్లియాన్ పొరుగువాళ్లతోనే లావాదేవీలు పెట్టుకుంటుందన్నమాట. దీన్ని సంతృప్తత అంటారు.

విద్యుత్ వికర్షణకి ఈ హద్దు లేదు. యురేనియం కేంద్రకం వ్యాసం సుమారు 15 ఫెర్మీలు. ఈ చివర ఉన్న ప్రోటాన్‌కి ఆ చివర ఉన్న న్యూక్లియాన్ల ఆకర్షణ అందదు, ఆ చివర ఉన్న ప్రోటాన్ల వికర్షణ మాత్రం అందుతుంది. 92 ప్రోటాన్లంటే 4,186 వికర్షక జంటలు. న్యూట్రాన్లను ఎక్కువ కలిపి ఈ లెక్క సర్దుబాటు చేస్తూ పోతే సీసం-208 దాకా సాగుతుంది. దాని పక్కనే ఉన్న బిస్మత్-209 స్థిరమైనదని చాలాకాలం నమ్మారు. అది కూడా ఆల్ఫా కణాన్ని వదులుతుందని 2003లో ఫ్రాన్స్‌లో తేలింది. దాని అర్ధాయుష్షు 1 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని ఏళ్లకంటే ఎక్కువ, విశ్వం వయసుకి వంద కోట్ల రెట్లు.

కేంద్రకం లోపలికి కుప్పకూలకుండా ఆపేది ఆ వికర్షక గుండేనా?

అది ఒక్కటే కాదు. కేంద్రకం లోపల ఒక ఘన ఫెర్మీకి 0.16 న్యూక్లియాన్లుంటాయి. దాన్నిబట్టి పొరుగు న్యూక్లియాన్ల మధ్య సగటు దూరం సుమారు 1.8 ఫెర్మీలు. అంటే న్యూక్లియాన్లు ఎప్పుడూ గుండెకి గుండె తాకేలా ఒత్తుకుని ఉండవు. పౌలీ నియమం వల్ల వచ్చే గతిశక్తి కూడా దగ్గరికి రానివ్వదు. టెన్సర్ బలం చిక్కటి పదార్థంలో నీరసపడుతుంది. ఈ మూడూ కలిసి ఆ 1.8ని నిర్ణయిస్తాయి.

బలం పొట్టిదైతే సూర్యుడిలో ప్రోటాన్లు ఎలా కలుస్తున్నాయి?

సూర్యుడి కేంద్రంలో ఉష్ణోగ్రత కోటిన్నర డిగ్రీలు. ఆ వేడికి కణాల సగటు శక్తి ఒకటి రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కేంద్రక ఆకర్షణ అందేంత దగ్గరికి రావాలంటే దాటాల్సిన విద్యుత్ అడ్డంకి దానికి కొన్ని వందల రెట్లు. పైనుంచి దూకడం కుదరదు కాబట్టి క్వాంటం సొరంగం గుండా వెళ్తాయి. వెళ్లాక కూడా రెండు ప్రోటాన్లు అతుక్కోవు కదా. అవి దగ్గరగా ఉన్న ఆ క్షణంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారాలి, అదేమో బలహీన బలం చేసే అరుదైన పని. అందుకే సూర్యుడిలో ఒక ప్రోటాన్ తన వంతు కోసం సగటున వందల కోట్ల ఏళ్లు ఆగుతుంది.

క్వార్క్‌ల మధ్య బలం దూరంతో తగ్గదంటారు. మరి ఇది ఎందుకు తగ్గుతోంది?

రెండూ ఒకే మూలం నుంచి వచ్చినా ఒకటి కాదు. క్వార్క్‌లు అంటే ప్రోటాన్, న్యూట్రాన్ల లోపల ఉండే కణాలు. క్వార్క్‌లను విడదీస్తుంటే వాటిని అతికించే గ్లూయాన్ల లాగుడు దాదాపు స్థిరంగా ఉంటుంది, సుమారు పదిహేను టన్నుల బరువంత. కానీ ప్రోటాన్‌లో మూడు క్వార్క్‌ల "రంగులు" (విద్యుదావేశం లాంటి గుణం) కలిసి రద్దయిపోతాయి. బయటికి ఆ బలం కనిపించదు. రెండు న్యూక్లియాన్లు దగ్గరపడినప్పుడు బయటికి పొక్కే మిగులు ప్రభావమే మనం మాట్లాడుకుంటున్న కేంద్రక బలం. క్వార్క్, ప్రతిక్వార్క్ జంటలుగా, అంటే మీసాన్ల రూపంలోనే అది ప్రయాణించగలదు. మీసాన్లకి బరువుంది, అందుకే దానికి హద్దుంది.

క్వార్క్‌ల నుంచి మొదలుపెట్టి ఈ గీతను లెక్కగట్టారా?

2007లో జపాన్‌కి చెందిన ఇషీ, అవోకి, హత్సుదా సూపర్ కంప్యూటర్ మీద ఆ పని చేశారు. వాళ్లు వాడిన పయాన్ బరువు అసలుదానికంటే చాలా ఎక్కువ. అయినా లోపల వికర్షణ, మధ్యలో గుంత, బయట తోక, మూడూ వచ్చాయి. ఎవరూ చేత్తో పెట్టకుండా వికర్షక గుండె తనంతట తాను లెక్కలోంచి రావడం నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అందమైన విషయాల్లో ఒకటి.

ఇద్దరి మధ్య బలం పూర్తిగా తెలిసినా కథ ముగియదు. జంట బలాలతోనే ట్రిటియం కేంద్రకాన్ని (ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లు) లెక్కగడితే బంధన శక్తి దాదాపు 7.6 ఎంఈవీ వస్తుంది, అసలు విలువ 8.48. మిగతాది మూడు న్యూక్లియాన్లు కలిసి ఉన్నప్పుడే పుట్టే బలం. ఫుజితా, మియజావా 1957లోనే దీన్ని ప్రతిపాదించారు.

వికర్షక గుండె ప్రభావం కంటికి కనిపించే చోటు ఏదైనా ఉందా?

న్యూట్రాన్ తారలు. 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ న్యూట్రాన్ల మధ్య ఏ బలమూ లేదనుకుని, పౌలీ ఒత్తిడి మాత్రమే పెట్టి లెక్క వేస్తే అలాంటి తార సూర్యుడికి 0.7 రెట్లకి మించి బరువుండలేదని వచ్చింది. 2010లో బరువు కొలిచిన ఒక పల్సార్ (వేగంగా తిరిగే న్యూట్రాన్ తార) దాదాపు 2 సూర్యులంత ఉంది. ఆ తర్వాత అంతకన్నా కాస్త బరువైనది కూడా దొరికింది. అంత బరువు మోయాలంటే మామూలు కేంద్రకానికి కొన్ని రెట్ల సాంద్రతలో న్యూక్లియాన్లు ఒకదాన్నొకటి గట్టిగా తోసుకోవాలి. జంటల మధ్య వికర్షణ, మూడింటి మధ్య వికర్షణ, రెండూ అక్కడ కావాలి. అందుకే లోపలి మండలం మీద ఇప్పుడు పరిశోధన సగం యాక్సిలరేటర్లలో, సగం టెలిస్కోపులతో నడుస్తోంది.

ఇదంతా సరే, పరీక్షలో ఏం రాయాలి?

పుస్తకంలో ఉన్నదే: స్థితిశక్తి కనిష్ఠం 0.8 ఫెర్మీల దగ్గర, అంతకంటే దూరంలో ఆకర్షణ, దగ్గరలో వికర్షణ, కొన్ని ఫెర్మీలు దాటితే సున్నా, సంతృప్తత వల్ల ఒక్కో న్యూక్లియాన్ బంధన శక్తి దాదాపు స్థిరం. గ్రాఫ్ గీసేటప్పుడు నిలువు అక్షం మీద "స్థితిశక్తి, ఎంఈవీ" అని రాయడం మరవకండి. "బలం" అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.